రేపు జరిగిన వనభోజనాలు

రాయ్‌పూర్‌లోనే ఒక స్కూల్లో తెలుగు టీచరుగా కొత్తగా చేరిన అమ్మాయి పోయిన నెలలో మా ఇంటికి వచ్చింది. చేతిలో నోట్‌బుక్కు, మొహంలో కంగారు. వాళ్ల స్కూలు ఏదో రేడియో స్టేషన్‌తో ఒప్పందం చేసుకుందట. "ఇందువల్ల విద్యార్థులకు కలిగే ప్రయోజనాలు" అని ఒక పేజీ రాసిమ్మని ప్రిన్సిపాల్ అడిగారట.

"మీరు ఆ పని ఏడేళ్లు చేశారటగా మేడమ్. పాయింట్లు చెప్పండి, రాసుకుంటాను" అంది.

నా దగ్గర పాయింట్లు లేవు. ఆత్మవిశ్వాసం, భావప్రకటన, నాయకత్వ లక్షణాలు అని నేనూ ఒకప్పుడు రాశాను. ఆ మూడు ముక్కలే కబడ్డీ పోటీల మీద రాసిన పేజీలోనూ ఉన్నాయి, ముగ్గుల పోటీ మీద రాసిన పేజీలోనూ ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. కాబట్టి పాయింట్లు నువ్వే వేసుకో తల్లీ, జరిగిందేమిటో మాత్రం నేను రాసిస్తాను అన్నాను. ఆ అమ్మాయి ఒక పేజీ అడిగింది. నేను ఒక పేజీలో ఏదీ ముగించలేనని నా దగ్గర చదువుకున్న వాళ్లందరికీ తెలుసు.

తెలుగువాళ్ల ఆగ్రహం

నా పేరు కామేశ్వరి. పుట్టి పెరిగింది తణుకు దగ్గర. మావారు రైల్వేలో గార్డు. ఈ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆయనతో పాటు రాయ్‌పూర్ వచ్చి, రైల్వే కాలనీకి దగ్గరలో ఉన్న ఒక స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. అక్కడ తెలుగు మూడో భాష. నా క్లాసులో పిల్లలు ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే వాళ్ల పిల్లలు. కొద్దిమంది సిల్తారా స్టీలు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు.

నాకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. చేరిన మొదటి నెలలో ప్రిన్సిపాల్ గారి దగ్గర నుంచి హిందీలో ఒక చీటీ వచ్చింది. కూడబలుక్కుని చదివాను. "ఆప్ సే ఆగ్రహ్ హై" అని ఉంది. మీ మీద ఆగ్రహంగా ఉంది అనుకున్నాను. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, అప్పుడే పై అధికారికి ఆగ్రహం! ఆయన గదికి వెళ్లి, నేనేం తప్పు చేశానో చెప్పండి సార్ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆయన కంగారుపడి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పావుగంట తర్వాత తేలిందేమిటంటే, హిందీలో ఆగ్రహ్ అంటే బతిమాలుకోవడం. శనివారం మీటింగుకు దయచేసి రమ్మని ఆయన నన్ను బతిమాలుకున్నారు.

ఆ పెద్దమనిషి దీన్ని మర్చిపోలేదు. తర్వాత ఇరవై ఏళ్లలో నిజంగా కోపం వచ్చినప్పుడల్లా నా క్లాసు గుమ్మంలో నిలబడి, "టీచర్ జీ, ఆజ్ తెలుగువాలా ఆగ్రహ్ హై" అనేవారు. ఇవాళ మీ తెలుగువాళ్ల ఆగ్రహం అని. ఆయన చెడ్డవారు కాదు. తలలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం, ఆ పని శ్రద్ధగా చేసేవారు. ఇబ్బందల్లా నా క్లాసులో తలలు ఏటేటా తగ్గడమే.

గాజులు

రేడియో వ్యవహారం మేం కోరి తెచ్చుకున్నది కాదు. ఊళ్లో కొత్తగా పెట్టిన ఒక చిన్న రేడియో స్టేషన్‌కి, ఊళ్లో మాట్లాడే భాషలన్నీ తమ దగ్గర వినిపించాలని సరదా పుట్టింది. ఒడియా దొరికింది, బెంగాలీ దొరికింది, తెలుగు కోసం మా స్కూలుకి వచ్చారు. ప్రతి ఆదివారం ఉదయం పావుగంట. పిల్లలే మాట్లాడాలి, పిల్లలే వార్తలు చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు ఒప్పందం మీద సంతకం పెట్టి, ఫోటో తీయించుకుని, మిగతా పని నా నెత్తిన పెట్టారు.

స్టేషన్‌లో మా కార్యక్రమం చూసే ఆయన మిశ్రా జీ. సన్నగా, ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లతో ఉండేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రోజే నన్ను చూసి, ఆ గాజులు తీసేయండి మేడమ్, మైకులో గలగలమంటున్నాయి అన్నాడు. సుమంగళిని, చేతులు బోసిగా పెట్టుకుని కూర్చోను అన్నాను. రికార్డింగ్ పాడవుతుందన్నాడు. మీ రికార్డింగ్ కోసం మా ఆయన్ని బలిపెట్టను అన్నాను. చివరికి రెండు చేతులకూ రెండు జేబురుమాళ్లు కట్టించాడు. దెబ్బలు తగిలిన మనిషిలా ఏడేళ్లు అలాగే కూర్చున్నాను.

మొదటి స్క్రిప్టు నేనే రాశాను. "శ్రోతలకు హృదయపూర్వక స్వాగత సుమాంజలులు" అని మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి గౌరి అది రెండుసార్లు చదువుకుని తలెత్తింది.

"టీచర్, సుమ, అంజలి ఎవులు? మన కిలాసులో లేరు కదా?"

గౌరి వాళ్ల నాన్న అప్పలనాయుడు రైల్వేలో ట్రాక్‌మన్. రోజూ పట్టాల వెంట నడిచి, ఎక్కడైనా బోల్టు వదులైందా, పట్టా పగిలిందా అని చూసే ఉద్యోగం. గౌరికి మంచి కంఠం ఉంది. మైకు ముందు కూర్చుంటే మిశ్రా జీ కూడా మీటర్లు చూడటం మానేసి వినేవాడు. నా దృష్టిలో మాత్రం ఆ పిల్లకు ఒక్కటే లోపం, అక్షరాలు స్పష్టంగా పలకవు. 'చెప్పు' అనడానికి 'సెప్పు' అంటుంది, 'సంఘం' అనడానికి 'సంగం' అంటుంది. ఇది సరిచేయడమే నా జీవితాశయం అన్నట్టు ఆ పిల్ల వెంటపడ్డాను. తణుకు నుంచి వచ్చినదాన్ని కదా, నా తెలుగే తెలుగు అనుకునే రోజులవి.

తర్వాతి ప్రశ్న

పిల్లలకు దీనివల్ల ఏం ఒరిగిందని అడిగితే నేను మొదట చెప్పేది ఈ సంగతి. ఇంజను డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన్ని ఇంటర్వ్యూ చేయడానికి ఒక పిల్లవాడిని కూర్చోబెట్టాను. ప్రశ్నలు నేనే రాసిచ్చాను. వాడు కాగితం మీంచి కళ్లెత్తకుండా మొదలుపెట్టాడు.

"తాతగారూ, మీకు ఎంతమంది పిల్లలు?"

"నాకు పెళ్లి కాలేదు బాబూ."

"చాలా సంతోషం. వాళ్లు ఏం చేస్తున్నారు?"

పెద్దాయన కాసేపు ఆలోచించి, "తెలీదు బాబూ, ఎక్కడున్నారో ఏమో" అన్నాడు. మిశ్రా జీకి అర్థం కాకపోయినా అందరం నవ్వుతున్నామని తనూ నవ్వాడు. ఆ ముక్క అలాగే ప్రసారమైంది. కాలనీలో ఆ పెద్దాయనకు నెలరోజులపాటు సంబంధాలు వచ్చాయి.

నవ్వు అయ్యాక ఆలోచిస్తే తప్పు నాదే. ప్రశ్నలు నేను రాసివ్వకూడదు. రాసిస్తే పిల్లలు జవాబు వినరు. మనం క్లాసులో ఏళ్ల తరబడి నేర్పేది అదే కదా, ప్రశ్న మనది, జవాబు గైడుది, మధ్యలో వినేవాడు ఎవడూ ఉండడు. ఆ తర్వాత కాగితాలు తీసేశాను. మొదటి ప్రశ్న ఒక్కటే నాది, తర్వాతి ప్రశ్న పెద్దాయన చెప్పిన జవాబులోంచి తీసుకోవాలి అన్నాను. మూడు నెలలు తిప్పలు పడ్డారు. నాలుగో నెలలో పిల్లలు ఇంట్లో వాళ్ల నాయనమ్మల్ని కూడా అడగడం మొదలుపెట్టారు, "మరి తరవాతేటయ్యింది?" అని. కోడళ్లు నా దగ్గరకొచ్చి గొడవ పెట్టుకున్నారు.

పదిహేను సంతకాలు

ఆ ఏడు దసరా సెలవులు అవగానే ప్రిన్సిపాల్ గారు పిలిచారు. యాజమాన్యం కొత్త నియమం పెట్టిందట. వచ్చే ఏడు ఆరో తరగతిలో తెలుగు ఉండాలంటే ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు పదిహేనుమంది కాగితం మీద సంతకం పెట్టాలి. పద్నాలుగు వచ్చినా చాలదు. అందరికీ సంస్కృతమే. గడువు నవంబరు చివరి సోమవారం.

"అప్పుడు నేనేం చేయాలి సార్?" అన్నాను.

"మీకేం, ఉద్యోగం ఉంటుంది. చిన్న పిల్లలకు నైతిక విద్య చెబుదురుగాని" అన్నారు.

ఆరో తరగతిలో ఆగిపోతే మరుసటి ఏడు ఏడోది, ఆ తర్వాత ఎనిమిదోది. రెండు మూడేళ్లలో ఆ స్కూల్లో తెలుగు అక్షరం మిగలదు. నాకు భయం వేసింది. ఇంటింటికీ తిరిగాను. సంస్కృతంలో మార్కులు బాగా పడతాయండీ అన్నారు అందరూ. అది నిజం కూడా. ఇక నాకున్న ఒకే ఆశ ఆదివారం పావుగంట. తెలుగు ఇళ్లన్నిట్లో ఆ సమయానికి రేడియో మోగేది. తమ పిల్లల నోట చక్కని తెలుగు వింటే వాళ్ల మనసు మారుతుందని, ప్రతి ఎపిసోడూ అద్దంలా ఉండాలని కంకణం కట్టుకున్నాను.

కార్తీక మాసం వచ్చింది. మా ఆంధ్రా సంఘం వాళ్లు ఒక శనివారం వనభోజనాలు పెట్టుకున్నారు. వనం లేదు, సంఘం హాల్లోనే. ఉసిరి చెట్టు కింద తినాలి కాబట్టి నర్సరీ నుంచి ఒక ఉసిరి మొక్క తెచ్చి బకెట్లో పెట్టి, దాని చుట్టూ భోజనాల బంతి వేస్తారు. దీని మీద గౌరి వార్త చెప్పాలి.

ఇక్కడ రేడియో పనిలో ఉన్న చిక్కు ఒకటి తెలుసుకోవాలి. మేం రికార్డు చేసేది గురువారం. ప్రసారమయ్యేది ఆదివారం. భోజనాలు శనివారం. అంటే మైకు ముందు కూర్చున్న రోజుకి భోజనాలు ఎల్లుండి, వినేవాళ్లకు నిన్న. జరగని భోజనాన్ని జరిగినట్టు ముందే చెప్పాలి. దీనికి తోడు మా పిల్లలు ఆలోచించేది హిందీలో. హిందీలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, 'కల్'. క్రియను బట్టి ఏ రోజో తెలుసుకోవాలి. మా పిల్లలు ఆ కల్‌ని తీసుకొచ్చి, తెలుగులో ఏది ముందు నోటికొస్తే అది అనేవాళ్లు.

నేను రాసిచ్చిన వార్తకు ముందు ఏ రోజో తనే చేర్చుకుని గౌరి చదివింది: "రేపు మన సంఘం హాలులో కార్తీక వనభోజనాలు ఘనంగా జరిగాయి. పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం వడ్డించారు. అందరూ రావడం ఎంతో ఆనందం కలిగించింది."

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాను. 'సంగం' అంది. ఆపించాను. మళ్లీ 'సంగం'. పదకొండుసార్లు ఆ ఒక్క వాక్యం చదివించాను. పదకొండోసారి 'ఘ' గంట కొట్టినట్టు పలికింది. ఆనందం పట్టలేక ఆ పిల్ల వీపు తట్టాను. మిశ్రా జీ ఒక ఫారం ముందుకు తోశాడు. అతనికి తెలుగు రాదు కాబట్టి ప్రతి వారం దాని మీద నా సంతకం కావాలి, భాష, విషయం సరిచూడడమైనది అని. పెట్టేశాను. పదకొండుసార్లు విన్న వాక్యంలో మొదటి మాటే తప్పని నాకు తట్టలేదు.

సోమవారం

ఆదివారం ప్రసారమైంది. మరునాడు కార్తీక సోమవారం. సాయంత్రం ఇంట్లో దీపం పెడుతుండగా సంఘం కార్యదర్శి సూర్యారావు గారు ఫోన్ చేశారు. రైల్వే లెక్కల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, గట్టిగా మాట్లాడరు.

"కామేశ్వరి గారూ, ఒక్కసారి హాలు దగ్గరికి రండి. జనం వచ్చారు."

"ఎందుకండీ?"

"భోజనానికి."

వెళ్లేసరికి హాలు నిండిపోయి మెట్ల మీద కూడా నిలబడ్డారు. 'రేపు' అన్నది కొందరు పట్టుకున్నారు, 'జరిగాయి' అన్నది ఎవరూ పట్టుకోలేదు. కార్తీక సోమవారం కాబట్టి నమ్మకుండా ఉండటానికి కారణమూ లేదు. పైగా అందరూ పొద్దుట నుంచి ఉపవాసం ఉండి, తలస్నానం చేసి, పట్టుచీరలు కట్టుకుని, చుక్క చూసి నేరుగా వచ్చారు. కొందరు స్టీలు క్యారేజీలు కూడా తెచ్చుకున్నారు. సిల్తారా నుంచి వచ్చిన ఒకాయన షిఫ్టు మార్చుకుని వచ్చాడట. శనివారం నాడు కడుపునిండా తిన్నవాళ్లు సైతం మళ్లీ వచ్చారు, అందరికంటే వాళ్ల గొంతులే గట్టిగా వినిపించాయి.

"గుమ్మడికాయ దప్పళం అని పేరు పెట్టి సెప్పినారు కదండీ!" అంది ఒకావిడ, దాదాపు ఏడుపు గొంతుతో.

సూర్యారావు గారి భార్య, ఇంకో నలుగురు ఆడవాళ్లు వంటింట్లోకి వెళ్లి ఉప్మాకి నీళ్లు పెట్టారు. ఉల్లిపాయ లేని ఉప్మా. అది ఉడికేలోగా సూర్యారావు గారు నలుగురిలో నన్నడిగారు.

"అసలు ఈ పొరపాటు ఎవరిదండీ?"

"పిల్ల కంగారులో తప్పు చదివేసింది" అన్నాను.

అంత తేలికగా వచ్చేసింది నోట్లోంచి. గౌరి అక్కడే ఉంది, విస్తళ్ల కట్ట పట్టుకుని. ఒకసారి నా వైపు చూసి, వంగి విస్తళ్లు వేయడం మొదలుపెట్టింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

దప్పళం ఆవిడ ఇంకా వదల్లేదు. "నిన్నా రేపూ తెలీని తెలుగు ఏం తెలుగండీ? ఏం నేర్పుతున్నారు మీరు?" అంది. నాకు ఒళ్లు మండింది.

"మీవాణ్ని పిలవండి ఒకసారి" అన్నాను.

బంటీ అనే వాళ్లబ్బాయి వచ్చాడు. "నిన్న ఏం తిన్నావు నాన్నా?" అని అడిగాను.

"నిన్న పూరీ తింటాను" అన్నాడు వాడు, ఏమాత్రం తడుముకోకుండా.

పక్కనున్నాయన నవ్వి తన కూతుర్ని ముందుకు తోశాడు. మీ ఇంట్లో విశేషాలేమిటమ్మా అన్నాను. "రేపు నానమ్మ వొచ్చింది" అంది ఆ పిల్ల. నానమ్మ పక్కనే నిలబడి ఉంది. "ఓలమ్మో, నానింకా రానేదేటే?" అని ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. హాలంతా ఘొల్లుమంది. తర్వాత ఎవరి పిల్లల్ని వాళ్లు పిలిచి అడగడం మొదలుపెట్టారు. ఒక్కడూ నెగ్గలేదు. నవ్వులు మెల్లగా తగ్గాయి. సిల్తారా ఆయన ఉప్మా విస్తరి పక్కన పెట్టి, "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి" అన్నాడు.

ఉప్మా అయ్యేసరికి పద్నాలుగు సంతకాలు వచ్చాయి. నేను నెలంతా తిరిగి సంపాదించలేనివి, ఒక తప్పుడు వార్త గంటలో తెచ్చిపెట్టింది.

ఒక్కటి తక్కువ

తర్వాతి ఆదివారం కార్యక్రమానికి గురువారం రికార్డింగులో గౌరిని మైకు దగ్గరికి పంపలేదు. మిశ్రా జీ "గౌరీ కహాఁ హై?" అని, గౌరి ఏదని అడిగితే, చదువుకోవాలట అని అబద్ధం చెప్పాను. బదులుగా ఏడో తరగతి కుర్రాణ్ని కూర్చోబెట్టాను. అక్షరం పొల్లుపోకుండా చదివాడు. ఆదివారం ఇంట్లో అది వింటూ మా ఆయన మధ్యలో లేచి గడ్డం గీసుకోవడానికి వెళ్లిపోయారు.

పదిహేనో సంతకం దొరకలేదు. మిగిలినవాళ్లందరూ సంస్కృతానికి ఇచ్చేశారు. ఐదో తరగతిలో ఇంకా ఎటూ చెప్పని తెలుగు పిల్ల ఒక్కతే ఉంది. గౌరి చెల్లెలు లక్ష్మి. ఫారం ఇచ్చి పంపాను, ఖాళీగా తిరిగొచ్చింది. మళ్లీ పంపాను, మళ్లీ ఖాళీ. గడువుకు మూడు రోజులుందనగా, శుక్రవారం, అప్పలనాయుడు తనే స్కూలుకి వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నారింజ రంగు జాకెట్టు ఇంకా ఒంటి మీదే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుతాను టీచరమ్మగోరూ, కోపం తెచ్చుకోకండి. ఆ రేడియో కాయితం మీద సంతకం ఎవులిది?"

"నాది."

"నాను రోజూ పట్టా సూసుకుంటా నడుత్తాను. సూసి, బాగుందని సంతకం ఎడతాను. తరవాత అక్కడే పట్టా ఇరిగిందనుకోండి, తప్పు పట్టాదంటే మా సాహెబు ఊరుకుంటాడేటి?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"కోలనీల మా పిల్లకి 'రేపు' అని పేరెట్టీసినారు. పాలకెల్తే 'రేపు వొచ్చింది' అంతన్నారంట. ఇంట్ల రేడియో పెట్టనీదు. దాని సెల్లిని కూడా మీ కాడికి పంపితే దీనికేటి పేరెడతారు?"

అతను గొంతు పెంచలేదు. ఆ ఖాళీ ఫారం మడత విప్పి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నా మొత్తం ఉద్యోగంలో ఏ అధికారీ నన్ను అలా నిలబెట్టి అడగలేదు. అది తెలుగువాలా ఆగ్రహం అంటే.

మర్నాడు వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. గౌరి తలుపు చాటునే నిలబడింది. రేపు ఆదివారం నువ్వే చెప్పాలి, ముందు నేను మాట్లాడతాను అన్నాను. 'రేపు' అనగానే ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. నేను నాలిక్కరుచుకున్నాను.

"మీరు రాసిచ్చింది సదవను టీచర్. నా మాటల్తోటి సెప్తాను" అంది.

సరే అన్నాను.

మిశ్రా జీని బతిమాలి ఆ ఆదివారం పావుగంటా లైవ్ తీసుకున్నాను, మొదటి రెండు నిమిషాలు నాకు, మిగతాది గౌరికి. పేజీన్నర రాసుకుని వెళ్లాను కానీ ఎర్రలైటు వెలిగేసరికి అక్షరాలు కనబడలేదు. ఇంత మాత్రం అన్నాను: "నేను కామేశ్వరి టీచర్ని. వనభోజనాల వార్త విని, సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నేను. 'ఘ' పలికిందా లేదా అని చూశాను, అర్థం చూడలేదు. ఆ పైన మీ అందరి ముందూ తప్పు పిల్ల మీదికి తోశాను. గౌరిని 'రేపు' అని పిలిచేవాళ్లు ఇకనుంచి నన్ను పిలవండి." ఈ చివరి మాటను మా కాలనీ జనం ఎంత శ్రద్ధగా పాటించారంటే, రిటైరయ్యేదాకా నేను రేపు టీచర్నే. కూరగాయల బండతను కూడా అదే నా ఇంటిపేరనుకున్నాడు.

తర్వాత గౌరి వార్తలు చెప్పింది. "సోమారం మా కోలనీల నీళ్లు రానేదు. బుధారం వొచ్చినాయి గానీ మట్టి నీళ్లు" అని మొదలుపెట్టింది. నిన్న, రేపు, మొన్న, ఏవీ వాడలేదు, వారాల పేర్లే చెప్పింది. ఎవరూ నేర్పలేదు, దెబ్బ తిన్న పిల్ల కాబట్టి తనే కనిపెట్టుకుంది. ఏడేళ్లూ మా కార్యక్రమానికి అదే నియమమైంది. 'నీళ్లు రానేదు' అన్నప్పుడు నా చెయ్యి అలవాటుగా లేచింది, ఆపేద్దామని. జేబురుమాలు కట్టిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ వారమే కాలనీకి నీళ్ల ఇంజనీరు వచ్చి చూసి వెళ్లాడు. పిల్లలకు ఏం ఒరిగిందని అడుగుతావు కదా అమ్మాయ్, ఇది రాసుకో: తమ మాట ఎవరో వింటారని, విని లేచి వస్తారని, అంచేత చూసి మాట్లాడాలని వాళ్లకు తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

పదిహేనోది

సోమవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చున్నాను. బల్ల మీద పద్నాలుగు సంతకాల కాగితం. ఆయన గడియారం చూస్తున్నారు, నేను తలుపు చూస్తున్నాను. అప్పలనాయుడు వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. వెనక లక్ష్మి.

కాగితం తీసుకుని, పైనుంచి కిందిదాకా మిగతావాళ్ల సంతకాలు చూశాడు. నేనూ అప్పుడే సరిగా చూశాను. మా పిల్లలకు తెలుగు కావాలని పెట్టిన పద్నాలుగు సంతకాల్లో తొమ్మిది హిందీలో ఉన్నాయి, ఐదు ఇంగ్లీషులో.

"తెలుగులో సంతకం ఎట్టొచ్చాండీ? మా ఊరి బళ్లో నేర్సుకున్నాను. ఇక్కడికొచ్చినాక ఎక్కడా రాయలేదు" అన్నాడు.

పెట్టమన్నాను. కుర్చీ అంచున కూర్చుని, పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే రాశాడు. 'అపలనాయుడు'. ప కింద ఒత్తు లేదు. ప్రిన్సిపాల్ గారు మెడ చాచి, "యే క్యా లిఖా హై?" అని అడిగారు, ఇదేం రాశాడని. మా నాన్న పేరు సార్ అని లక్ష్మి హిందీలో చెప్పింది.

అప్పలనాయుడు కాగితం నా వైపు తిప్పాడు.

"సరిగ్గా వొచ్చిందేటండి?"

చూశాను. ఈసారి ఒక్కొక్క అక్షరం చూశాను.

"సరిగ్గా వచ్చింది నాయుడు గారూ" అన్నాను. కింద, సరిచూడడమైనది అని ఉన్న గడిలో, నా సంతకం పెట్టాను.